నేషనల్ పార్కులో జలపాతానికి ఒక్కరోజులో వెళ్లి రావాలంటే

జలపాతానికి వెళ్లిన రోజు పాడయ్యేది సాధారణంగా జలపాతం దగ్గర కాదు. గేటు దగ్గర గంట పోతుంది, పార్కింగ్ నిండిపోయి మరో అరగంట పోతుంది, రానూపోనూ నాలుగు కిలోమీటర్లనుకున్న దారి ఒకవైపే నాలుగని సగం నడిచాక తెలుస్తుంది. చివరికి నీళ్ల దగ్గర పావుగంట నిలబడి, చీకటి పడుతుందన్న కంగారులో తడిరాళ్ల మీద పరుగులాంటి నడకతో దిగాల్సి వస్తుంది. కాలు మెలికపడేదీ, దారి తప్పేదీ అప్పుడే. అందుకే ఈ ప్రయాణానికి లెక్క ఇంట్లోంచి బయల్దేరే వేళతో మొదలుపెట్టకూడదు. పార్కు గేటు మూసే వేళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఆ లెక్క ఎలా వేయాలో కింద అంకెలతో సహా ఉంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి.

ఆ తేదీకి అక్కడ నీళ్లుంటాయా?

ఫొటోలో పాలనురగలా దూకుతున్న జలపాతం మీరు వెళ్లేసరికి బండ మీద తడిచారగా మిగిలి ఉండొచ్చు. ఆ ఫొటో ఏ నెలలో తీశారో చూడకుండా తేదీ ఖాయం చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో దాదాపు తేలిపోతుంది.

వాన మీదే ఆధారపడ్డ చిన్న వాగయితే వానాకాలంలోనూ, ఆ తర్వాత కొన్ని వారాలూ బాగుంటుంది. పైన నీళ్లు చేరే ప్రాంతం చిన్నదైతే పెద్దవాన పడ్డ కొద్ది గంటల్లోనే పొంగి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఇలాంటి చోటికి భారీవాన మర్నాడు వెళ్లకండి. ఒకటి రెండు రోజులు తెరిపిచ్చాక వెళ్తే నీళ్లూ ఉంటాయి, బురద రంగూ విరుగుతుంది, దారిలో వాగు దాటాల్సిన చోట్ల ప్రమాదమూ తగ్గుతుంది.

మంచు కరిగి వచ్చే నీళ్లది వేరే లెక్క. అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో 739 మీటర్ల యోసెమిటీ జలపాతం మే, జూన్‌లలో హోరెత్తిపోతుంది. ఆగస్టుకల్లా చాలా ఏళ్లలో ఎండిపోతుంది. మంచునీటి వాగుల్లో మట్టం ఒకేరోజులో కూడా మారుతుంది. పగటి ఎండకు కరిగిన నీళ్లు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది కాబట్టి, పొద్దున మోకాలి కింద ఉన్న వాగు సాయంత్రానికి తొడల దాకా రావొచ్చు. అలాంటి వాగు దారిలో ఉంటే పొద్దున్నే దాటి, మధ్యాహ్నంలోపే వెనక్కి దాటేలా వేళలు పెట్టుకోవాలి.

పెద్దనదుల మీది జలపాతాలకు అక్కడి వానాకాలం చూసి వెళ్తే మోసపోతాం. జాంబియా, జింబాబ్వే సరిహద్దులోని విక్టోరియా జలపాతం దగ్గర వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. కానీ ఎగువన ఎక్కడో పడ్డ నీరు జాంబెజీ నది వెంట నడిచొచ్చేసరికి ఆలస్యమవుతుంది, ప్రవాహం పతాకస్థాయికి చేరేది ఏప్రిల్ ప్రాంతంలో. అప్పుడు తుంపర్లు మబ్బులా లేచి ఎదురుగా ఉన్న జలపాతాన్నే కప్పేస్తాయి. అంటే నీళ్లు అన్నిటికంటే ఎక్కువున్న వారమే చూడ్డానికి అన్నిటికంటే మంచి వారం అనుకోనక్కర్లేదు. ఇలా తుంపర్లు కప్పేసే జలపాతానికి ప్రవాహం పతాకస్థాయి దాటి కాస్త తగ్గాకే ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది.

ఎగువన ఆనకట్ట ఉంటే పై లెక్కలేవీ పనిచేయవు, గేట్లు ఎత్తితేనే నీళ్లు. అలాంటి చోట నీళ్లు వదిలే వేళలేమిటో, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో పార్కు సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. బయల్దేరే రెండు రోజుల ముందు పార్కు కార్యాలయానికి ఫోన్ చేసి “ఇప్పుడు నీళ్లెలా ఉన్నాయి, దారి తెరిచే ఉందా” అని అడగడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

పార్కు నియమాలు ముందే చదవాలి

నేషనల్ పార్కంటే ముందు వన్యప్రాణులది, తర్వాతే సందర్శకులది. కాబట్టి మామూలు విహారస్థలాల్లో లేని కట్టుబాట్లు ఇక్కడుంటాయి. గేటు తెరిచే, మూసే వేళలు, వారంలో సెలవు రోజు, వానాకాలంలోనో కార్చిచ్చుల కాలంలోనో మూసివేత, రోజుకు ఇంతమందికే అనుమతి అనే పరిమితి, వాహనం రకం మీద ఆంక్షలు, డ్రోన్ల నిషేధం, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం: వీటిలో ఏవి వర్తిస్తాయో పార్కు అధికారిక వెబ్‌సైటులో చూడండి. పాత ప్రయాణ కథనాలను నమ్ముకోవద్దు, వేళలు ఏటా మారుతుంటాయి. కొన్నిచోట్ల టికెట్టు మీద లోపలికి వెళ్లాల్సిన గంట కూడా రాసి ఉంటుంది. క్రొయేషియాలోని ప్లిట్విత్సే సరస్సుల నేషనల్ పార్కులో అదే పద్ధతి. అంతేకాదు, అక్కడ అన్ని జలపాతాల కింద అంత స్వచ్ఛమైన నీళ్లున్నా ఈత పూర్తిగా నిషేధం. ఈతకని బట్టలు సర్దుకుని వెళ్లి నిరాశపడకుండా ఈ ఒక్క సంగతి విడిగా చూసుకోండి.

దూరాల బోర్డులతో జాగ్రత్త. ఒక పార్కు ఒకవైపు దూరం రాస్తుంది, ఇంకోటి రానూపోనూ కలిపి రాస్తుంది. రెంటిలో ఏదో తేల్చుకోకపోతే నడక రెట్టింపవుతుంది. అలాగే ఆ దూరం ఎక్కణ్ణుంచి కొలిచారో చూడాలి. సెలవు రోజుల్లో దగ్గరి పార్కింగ్ నిండితే దూరంగా ఉన్న రెండో పార్కింగ్‌కు పంపుతారు, అక్కణ్ణుంచి ఒకటి రెండు కిలోమీటర్లు అదనం. లోపల పార్కు బస్సులే తిరిగే పద్ధతి ఉంటే, మీకు అసలైన గేటు వేళ ఆఖరి బస్సు వేళే.

వెనకనుంచి లెక్క

నడకకు ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. చదునుమీద 5 కిలోమీటర్లకు ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఇది ఆగకుండా నడిచే, అలవాటున్న మనిషి లెక్క. పిల్లలు, పెద్దవాళ్లు, తడిరాళ్లు, ఫొటోలు ఉన్న గుంపుకు వచ్చిన అంకె మీద ఇంకో సగం కలపాలి. దిగడం తేలికనీ, సమయం సగమే పడుతుందనీ అనుకోవద్దు. తడి మెట్ల మీద దిగడానికి ఎక్కినంతసేపూ పట్టొచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జలపాతం ఒకవైపు 4 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 300 మీటర్లు. నైస్మిత్ లెక్కలో 48 నిమిషాలు, మరో 30 నిమిషాలు, మొత్తం 78. సగం కలిపితే 117, అంటే రెండు గంటలు. గేటు సాయంత్రం 5:30కి మూస్తారు. గేటు నుంచి నడక మొదలయ్యే పార్కింగ్‌కు 12 కిలోమీటర్ల అడవి రోడ్డు, గంటకు 20 కిలోమీటర్లకు మించకూడదు, కాబట్టి 40 నిమిషాలు. ఇప్పుడు వెనక్కి రండి:

గేటు మూసేది 5:30. ఒక గంట ఏమీ కేటాయించకుండా వదిలేయండి, అంటే 4:30కల్లా గేటు దగ్గరుండాలి.
పార్కింగ్ వదిలేది 3:50.
తడిబట్టలు మార్చుకుని, అందరూ చేరడానికి 20 నిమిషాలు. పార్కింగ్‌కు దిగేది 3:30.
దిగడానికి గంటా ముప్పావు. జలపాతం వదిలేది 1:45.
అక్కడ గడిపేది, భోజనంతో కలిపి గంటన్నర. చేరేది 12:15.
ఎక్కడానికి రెండు గంటలు. నడక మొదలు 10:15.
బూట్లు కట్టుకోవడం, బాత్రూమ్, బోర్డు చదవడం 15 నిమిషాలు. పార్కింగ్‌కు చేరేది 10:00.
లోపలి రోడ్డు 40 నిమిషాలు. గేటు దాటేది 9:20.
టికెట్టు, తనిఖీ 40 నిమిషాలు. గేటుకు చేరేది 8:40.
ఇంటినుంచి రెండున్నర గంటల రోడ్డు, మధ్యలో 20 నిమిషాల ఆగుడు. బయల్దేరేది 5:50.

ఈ పట్టికలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒక్కటే: 1:45. అది వెనుదిరిగే వేళ. జలపాతం చేరినా, చేరకపోయినా, అదిగో వినిపిస్తోంది ఇంకో పది నిమిషాలే అని ఎవరైనా అన్నా, 1:45కి మళ్లాల్సిందే. ఆలస్యం ఎక్కడ జరిగినా దాన్ని జలపాతం దగ్గరి గంటన్నరలోంచి కోసుకోవాలి. తిరుగునడకలోంచి, గేటు దగ్గర వదిలేసిన గంటలోంచి కోయకూడదు. ఆ గంట కాలు బెణికిన వాళ్లకోసం, రోడ్డు మీద ఏనుగో చెట్టో అడ్డుపడితే ఆగడంకోసం. ఈ వేళ ఇంట్లోనే, అందరి ముందూ ఖాయం చేసుకోవాలి. నీళ్ల హోరు వింటూ నిర్ణయం తీసుకుంటే ఎవరికీ వెనక్కి రాబుద్ధి కాదు.

దారిలో ఒక మధ్య తనిఖీ కూడా పెట్టుకోండి. సగం దూరం 11:15కి దాటాలి. 11:45 అయినా దాటకపోతే గుంపు నడక అంచనాకంటే నెమ్మదిగా ఉందన్నమాట, అక్కడే వేళలు సవరించుకోవాలి.

ఒక్కరోజులో మూడు జలపాతాలు చూసేయాలనే ఆశ చాలామందికి ఉంటుంది. వద్దు. ప్రతి జలపాతానికీ పార్కింగ్, బూట్లు, గుంపు చేర్చుకోవడం అన్నీ మళ్లీ చేయాలి, ఒక్కోదానికి నడక కాకుండానే ముప్పావుగంట పోతుంది. ఒకటి అసలుది, ఇంకోటి రోడ్డు పక్కనే పావుగంటలో చూసి రాగలిగేది పెట్టుకోండి. ఆ రెండోది అసలు దారి మూసేసి ఉన్న రోజు ఆదుకుంటుంది.

ఎవరికి చెప్పి వెళ్లాలి

చాలా పార్కుల్లో లోయలోకి దిగగానే ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రే మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, టికెట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లోపలికి వెళ్లగానే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీని తినేస్తుంది, జీపీఎస్ మాత్రం ఆ మోడ్‌లోనూ పనిచేస్తుంది.

ప్రయాణంలో లేని ఒకరికి మెసేజ్ పంపాలి. “అలా పార్కుకి వెళ్లొస్తాం” అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా ఉండాలి: “శనివారం, తూర్పు గేటు. పొద్దున 10:15కి జలపాతం దారిలో నడక మొదలు. ఐదుగురం, ఇద్దరు పిల్లలు. కారు నంబరు ఇది. 5:30కల్లా గేటు దాటి ఫోన్ చేస్తాం. 7:30 దాటినా ఫోన్ రాకపోతే పార్కు కార్యాలయానికి చెప్పు, నంబరు కింద ఉంది.” ఆఖరి రెండు వాక్యాలే ముఖ్యం. ఎప్పుడు కంగారుపడాలో, ఎవరికి చెప్పాలో రాసి ఉంటేనే అవతలివాళ్లు సందేహించకుండా కదులుతారు.

బ్యాగులో ఏముండాలి

నీళ్లతో మొదలుపెట్టాలి. మామూలు ఎండలో నడకకు గంటకు అరలీటరు, ఎండ మండిపోతుంటే లీటరు దాకా కావాలి. పై ఉదాహరణలో దారిలో గడిపేది ఐదుగంటల పైనే, కాబట్టి మనిషికి 3 లీటర్లు, అంటే మూడు కిలోల బరువు. ఇంత బరువెందుకు, జలపాతం దగ్గర నీళ్లే కదా అనిపిస్తుంది. ఎంత తేటగా కనిపించినా ఎగువన జంతువులు తిరిగే నీళ్లవి. తాగాల్సి వస్తే ఒక నిమిషం తెర్లనివ్వాలి, 2,000 మీటర్ల పైనయితే మూడు నిమిషాలు. 0.1 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియానూ, జియార్డియాలాంటి పరాన్నజీవులనూ ఆపుతుంది, వైరస్‌లను ఆపదు. వాంతులు, విరేచనాలు మొదలైతే కలపడానికి ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు మూడు పెట్టుకోండి.

బూట్లకు అడుగున లోతైన గాడులుండాలి, మడమ పట్టేలా ఉండాలి. కొత్తవి ఆ రోజే తొడగొద్దు, కనీసం వారం ముందునుంచీ వేసుకుని తిరగండి. అరిగిపోయిన క్రీడాబూట్లు పొడిదారిలో బాగానే ఉంటాయి, తడిబండ మీదికి రాగానే జారతాయి. చెప్పులు నీటి ఒరవడికి కొట్టుకుపోతాయి, వాటికోసం వంగినవాళ్లే పడిపోతుంటారు. ఉత్తకాళ్లతో నీళ్లలో దిగితే గాజుపెంకులూ, రాతి అంచులూ కోస్తాయి. సాక్సు రెండో జత తప్పనిసరి. తడిసిన నూలు సాక్సుతో రెండు గంటలు దిగితే బొబ్బలు ఖాయం, అందుకే ఉన్ని లేదా సింథటిక్ సాక్సు వేసుకోవాలి.

మిగతావి: వాన లేకపోయినా తుంపర్లకోసం పల్చని రెయిన్‌జాకెట్, ఒక జత పొడిబట్టలు మూతిబిగించే ప్లాస్టిక్ సంచిలో, పగలే తిరిగొస్తామన్నా తలకు కట్టుకునే టార్చి, విజిల్, పది సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ, దూది, యాంటీసెప్టిక్, రోజూ వేసుకునే మందులు, ఫోన్ తుడవడానికి రెండు పొడి గుడ్డలు, చెత్తకోసం ఒక గట్టి సంచి. ఫోన్ వెలుతురును టార్చిగా నమ్ముకోకండి. చెయ్యి ఖాళీగా ఉండదు, బ్యాటరీ అదే దారిలో అయిపోతుంది. భోజనం చేత్తో తినగలిగేది, వాసన తక్కువుండేది మేలు. గిన్నెలు, మూతలు, నూనె కారేవి అడవిలో బరువూ, జంతువులకు పిలుపూ.

వాహనానికి ఇంధనం పార్కు బయటే నింపుకోండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకోండి. ఎండిన వాగు ఇసుకలో నీడ బాగుందని కారు ఆపొద్దు. ఎగువన కురిసిన వాన చప్పుడు చేయకుండా వచ్చేది ఆ దారినే.

నీళ్ల దగ్గర

చేరగానే చేయాల్సిన పని ఒకటుంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. నీళ్లు సరిగ్గా తాకుతున్న అంచున ఒక చిన్న రాయి పెట్టండి, లేదా పుల్ల గుచ్చండి. పదినిమిషాలకోసారి దాన్ని చూడటం గుంపులో ఒకరి పని. రాయి పొడిగా ఉంటే సరే. రాయి చుట్టూ నీళ్లు చేరాయా, తేటనీళ్లు టీ రంగుకు మారాయా, ఇందాకటిదాకా లేని ఆకులూ పుల్లలూ తేలుతూ వస్తున్నాయా, హోరు పెరిగిందా, వీటిలో ఒక్కటి కనిపించినా అందర్నీ లేపి పక్కనున్న ఎత్తుకు ఎక్కించాలి. వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు, గట్టు ఎక్కాలి. నీళ్లు ఉన్నట్టుండి తగ్గినా అదే పని చేయాలి. ఎగువన చెట్లూ రాళ్లూ అడ్డుపడి నీరు ఆగితే, ఆ అడ్డు తెగినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా కొండ అవతల వాన పడుతుండొచ్చు, కాబట్టి ఆకాశం ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్ద మనిషిని పడగొట్టగలవు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు కొట్టుకుపోతుంది. వాగు దాటాలా వద్దా అన్న సందేహం వచ్చిందంటే దాటొద్దనే అర్థం. తప్పక దాటాలంటే జలపాతానికి ఎగువన ఎప్పుడూ వద్దు. దిగువన, నీరు వెడల్పుగా పలచబడ్డ చోట, బ్యాగు నడుముపట్టీ విప్పి, చేతికర్రను ఎగువవైపు ఆనించి, ఒక్కో అడుగూ కుదిరాకే రెండోది వేయాలి. నడుముపట్టీ విప్పడం దేనికంటే, పడితే బ్యాగు మిమ్మల్ని నీళ్లలోకి నొక్కేయకుండా భుజాలనుంచి జార్చేయడానికి.

జలపాతాల దగ్గర ప్రాణాలు పోయేది ఎక్కువగా రెండుచోట్ల. ఒకటి పైఅంచు. ఏళ్ల తరబడి నీళ్లు అరగదీసిన బండ గాజులా ఉంటుంది, దాని మీద పల్చటి పాచి ఎండినప్పుడు కంటికి కూడా ఆనదు, తడవగానే సబ్బులా మారుతుంది. పైన నీరు ప్రశాంతంగా, మోకాళ్లలోతే కనిపించడం అసలు మోసం, అంచుకు నాలుగడుగుల ముందే వేగం పుంజుకుంటుంది. యోసెమిటీలోనే వెర్నల్ జలపాతం పైఅంచున కంచె ఉన్నా, 2011 జులైలో దాన్ని దాటి నీళ్లలోకి వెళ్లిన ముగ్గురు కొట్టుకుపోయారు. పైఅంచు దగ్గర కంచె ఇవతల నిలబడే ఫొటో తీసుకోండి. కంచె లేకపోతే తడిబండ మొదలయ్యే గీతే కంచె.

రెండోది కింద మడుగు. నురగ తెల్లగా ఉన్నచోట నీళ్లలో గాలి కలిసి ఉంటుంది, అది మనిషిని తేల్చదు. పడుతున్న నీరు కిందికి వెళ్లి పైకి తిరిగి మళ్లీ జలపాతంవైపే లాగుతుంది, ఎంత ఈతగాడికైనా ఆ సుడిలోంచి రావడం కష్టం. చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ మొదటి నిమిషంలో నోట్లోకి నీళ్లు పోతే ఈత వచ్చినా ఉపయోగం లేదు. ఇక పైనుంచి వచ్చే రాళ్లు. 60 మీటర్ల ఎత్తునుంచి పడ్డ రాయి కిందికొచ్చేసరికి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది, హోరులో దాని చప్పుడు వినపడదు. అందువల్ల ధార కింద నేరుగా తల పెట్టి స్నానం చేయడం సరదాగా ఉన్నా మంచిది కాదు. పార్కు అనుమతిస్తే, మడుగు చివర, నీరు నిలకడగా, అడుగు కనిపించేచోట, నడుములోతు దాటకుండా దిగండి. దూకడం ఎక్కడా వద్దు. నిన్న దూకినచోట ఇవాళ దుంగ ఉండొచ్చు.

హోరులో గొంతు వినిపించదు. పిల్లలు పది అడుగుల దూరంలో అరిచినా తెలియదు. అందుకే పిల్లలు ఎప్పుడూ చేతికందేంత దూరంలో ఉండాలి, ఒక్కో పిల్లకో పిల్లాడికో ఒక పెద్దమనిషి పేరు పెట్టి అప్పజెప్పాలి. “అందరం చూస్తున్నాంలే” అంటే ఎవరూ చూడటంలేదనే. మూడు విజిళ్లు ఆపదకు గుర్తు, రెండు చేతులు తలమీద అడ్డంగా పెడితే వెంటనే వెనక్కి రమ్మని అర్థం: ఇవి నడక మొదలుపెట్టకముందే చెప్పుకోండి.

ఉరుము వినిపిస్తే నీళ్లలోంచీ, బండ మీదనుంచీ లేచిపోవాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా తిరిగి రావొద్దు.

వెలుతురు, ఇంద్రధనుస్సు

జలపాతం ఏ దిక్కుకు తిరిగి ఉందో మ్యాప్‌లో ముందే చూడండి. తూర్పుకు తిరిగిన జలపాతానికి పొద్దున ఎండ తగులుతుంది, పడమటికి తిరిగినదానికి మధ్యాహ్నం తర్వాత. తుంపర్లలో ఇంద్రధనుస్సు కనిపించాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. మీ తలనీడ పడే చోటునుంచి 42 డిగ్రీల దూరంలో విల్లు ఏర్పడుతుంది. జలపాతం మీ కంటికి ఎదురుగానో ఎత్తులోనో ఉంటే సూర్యుడు 42 డిగ్రీలకంటే కిందున్నప్పుడే అది కనిపిస్తుంది, నడినెత్తిన ఉన్నప్పుడు కనిపించదు. ఎత్తైన చోటునుంచి కిందికి చూస్తున్నప్పుడు మాత్రం మధ్యాహ్నమూ దొరుకుతుంది. పై ఉదాహరణలో 12:15కి చేరుతున్నాం కాబట్టి పడమటివైపు జలపాతమైతే వేళ కాస్త కుదురుతుంది, తూర్పువైపుదైతే ఇంద్రధనుస్సు కావాలనుకునేవాళ్లు గేటు తెరిచేసరికే అక్కడుండాలి.

నీళ్లు పట్టుతెరలా కనిపించే ఫొటోకు షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను దాకా ఉంచి, కెమెరా కదలకుండా రాతికో స్టాండుకో ఆనించాలి. మబ్బు పట్టిన రోజు దీనికి ఎండకంటే మేలు. ప్రతి ఫొటోకూ ముందు లెన్సు తుడవండి, ఒక్క తుంపర చుక్క చాలు అంతా మసకబారడానికి.

అడవిలో మిగతావి

ఆసియా అడవుల్లో జలపాతాల పక్క కొండచరియలకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. అక్కడ కేకలు, పొగ, ఘాటు సెంటు పనికిరావు. తేనెటీగలు లేస్తే ముఖం బట్టతో కప్పుకుని ఆగకుండా దూరంగా పరుగెత్తాలి. నీళ్లలో మునగొద్దు, అవి పైనే కాచుకుని ఉంటాయి. జలగ పట్టుకుంటే ఉప్పు, అగ్గిపుల్ల వద్దు, అలా చేస్తే అది లోపలిది గాయంలోకి కక్కుతుంది. సన్నటి మూతివైపు గోరు జొనిపి పక్కకు తోసేయండి. రక్తం కాసేపు ఆగదు, జలగ లాలాజలంలో గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది. కడిగి గుడ్డతో అదిమి ఉంచితే ఆగుతుంది. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చేయకుండా ఆ అవయవం కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాలు బెణికితే బూటు విప్పొద్దు, వాచాక మళ్లీ ఎక్కదు. బూటు మీదనుంచే క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, బరువంతా మిగతావాళ్లు పంచుకుని దిగండి.

నీళ్లలో సబ్బు, షాంపూ ఏవీ వద్దు, మొక్కలతో చేసిందని రాసి ఉన్నా వద్దు. కాలకృత్యాలకు నీటికీ దారికీ కనీసం 60 మీటర్ల దూరం వెళ్లి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి కప్పేయాలి, వాడిన కాగితం సంచిలో వెనక్కి తెచ్చుకోవాలి. పండ్ల తొక్కలు కుళ్లిపోతాయిలే అని విసరకండి. అవి నెలల తరబడి ఉండటమే కాక, కోతుల్నీ ఎలుగుల్నీ మనుషులు కూర్చునే చోటికి అలవాటు చేస్తాయి. ఒకసారి తిండికి మరిగిన జంతువు తర్వాత వచ్చేవాళ్ల సంచులు లాగుతుంది, చివరికి నష్టపోయేది ఆ జంతువే.

తిరుగుదారి

దిగేటప్పుడు నడకలో నెమ్మదైన మనిషిని ముందు పెట్టండి, దారి బాగా తెలిసినవాళ్లు ఆఖర్న ఉండాలి. అందరికంటే ముందు దిగేసినవాళ్లు మలుపు దగ్గర వేరే దారి పట్టడం జరుగుతుంటుంది, కాబట్టి దారి చీలే ప్రతిచోటా అందరూ చేరేదాకా ఆగాలి. పార్కింగ్‌కు చేరాక తలలు లెక్కపెట్టి, ఒంటి మీద, ముఖ్యంగా మోకాళ్ల వెనక, నడుము దగ్గర, పిల్లల చెవుల వెనక జలగలూ పిడుదులూ ఉన్నాయేమో చూసుకోండి. తడిసిన బ్రేకులతో వెంటనే వేగం అందుకోకుండా మొదటి కిలోమీటరు మెల్లగా, మధ్యమధ్య బ్రేకు నొక్కుతూ వెళ్లండి. సాయంత్రం జంతువులు రోడ్డు దాటే వేళ, హారన్ కొట్టకుండా ఆగి దారివ్వండి. గేటు దాటి సిగ్నల్ రాగానే, టీ తాగేలోపే, పొద్దున మెసేజ్ పంపినవాళ్లకు “అందరం బయటికొచ్చాం” అని ఫోన్ చేయండి. 7:30 దాటితే వాళ్లు పార్కుకు ఫోన్ చేస్తారు, సిబ్బంది చీకట్లో అడవిలో వెతకడం మొదలుపెడతారు.